తంగేడు తప్పుకుంది

భాగ్యలక్ష్మి ఫోనును పొయ్యిగట్టు మీద బోర్లించి పెట్టింది. భర్త ముఖం చూస్తే అడగాల్సింది అడగలేనని తెలిసి, గోడకేసి చూస్తూనే అడిగింది.

"తంగేడు ఎవలో నీకెట్ల ఎరుకైంది?"

పరమేష్ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. ఏ తంగేడు అన్నాడు. ఆ అన్న తీరులోనే దొరికిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషికి అబద్ధమాడటం చేతకాలేదు, అలాగని మానిందీ లేదు.

"షాద్‌నగర్ దశరథం మెసేజ్ పెట్టిండు. మీ మామ గొంగడికి మర్యాదిచ్చి పాట ఇడిసిపెట్టిన తల్లీ, పొట్టేలు మీ మందకే దక్కాలె అని. మామ ఎప్పుడు పరిసిండు గొంగడి? మంచం దిగనే లేకపాయె."

పరమేష్ కంచం పక్కకు జరిపాడు. గడప అవతల వాకిట్లో ముసలాయన, ఆమె మామ గుర్వయ్య, దగ్గుతున్నవాడల్లా దగ్గు ఆపేశాడు.

ఆ దశరథం పాపం మంచి మనసుతోనే పంపాడు ఆ నాలుగు ముక్కలు. తాను చేసిన మర్యాదకు ఈ ఇంటిల్లిపాదీ సంతోషిస్తారనుకుని ఉంటాడు. ఈ ఇంట్లో ఒకరు అన్నం మీంచి లేచిపోతారనీ, ఇంకొకరు పొద్దంతా ఏడుపు దిగమింగుకుంటారనీ ఆయనకేం తెలుసు?

గొర్రెలు మేపుకునే ఇళ్ళ ఆడవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, దాని వేలంపాట నడిపేది భాగ్యలక్ష్మి. అటు ఆలేరు నుంచి ఇటు షాద్‌నగర్ దాకా మనుషులున్నారు. అమ్మదలచిన జీవాన్ని వీడియో తీసి గ్రూపులో పెడతారు. కొనదలచినవాళ్ళు తమ ధర భాగ్యలక్ష్మికి విడిగా పంపుతారు. ఆమె మనిషి పేరు దాచి, చెట్టు పేరు పెట్టి అందరికీ చూపిస్తుంది. ఒకరు తంగేడు, ఒకరు మోదుగ, ఇంకొకరు రేగు. ఎవరు ఏ చెట్టో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పాట నడుస్తున్నంతసేపు పాడేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్న నియమం పెట్టించింది కూడా ఆమే. అంగడిలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు నొక్కుకుని ధర తేల్చేసుకుంటుంటే, అమ్ముకునేవాడు ఆ తువ్వాలు వంక చూస్తూ బిక్కముఖం వేసుకుని నిలబడటం చిన్నప్పటి నుంచీ చూసి చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

మోదుగ అంటే తమ ఇల్లే. ఆ సంగతి ఆమె దాచలేదు. ఈసారి ఆలేరు బిక్షమ్మ పొట్టేలు మీద మా ఇంటోళ్ళు కూడా పాడతారని ముందే అందరికీ చెప్పింది. అధ్యక్షురాలు పుష్ప నవ్వి, నీ మీద నమ్మకముంది గానీ నీ ఫోను మాత్రం చెయ్యి దాటనియ్యకు అంది.

ఆ ఫోనే చెయ్యి దాటింది.

"నిన్న నువ్వు దొడ్లె ఉన్నప్పుడు చూసిన," అన్నాడు పరమేష్ చివరికి. "నీ పేరు ఎత్తలే. మా నాయిన గొంగడి పరిసిండనుకొని జర తప్పుకోమన్న. ఆయన గూడ మందలోడేనాయె. ఒక్క మాటకు ఒప్పుకున్నడు. బెదిరిచ్చిననా? పైసలిస్తనన్ననా? నోరు తెరిసి అడిగిన. అడుగుడు గూడ తప్పేనా?"

 అతను చెప్పేదాంట్లో అబద్ధం లేదు, అదే భాగ్యలక్ష్మిని ఎక్కువ బాధపెట్టింది. అతని భయం ఆమెకు తెలియనిదా? చలికాలంలో వచ్చిన రోగానికి మందలో ఉన్న పొట్టేళ్ళన్నీ పోయాయి. మిగిలిన ఆడగొర్రెలు నల్లవి, ఉన్ని గొర్రెలు, తాతల నాటి జాతి. ఇప్పుడు ఎక్కడ చూసినా కండకోసం పెంచే తెల్ల గొర్రెలే. ఈ వానలకు మందలో నల్ల పొట్టేలు పడకపోతే మళ్ళీ ఏడాదికి నల్లపిల్ల ఒక్కటి పుట్టదు. గుర్వయ్య ఆ రోజు నుంచీ సరిగా తినడం మానేశాడు. జిల్లా అంతా తిరిగితే కల్తీలేని పొట్టేలు ఒక్కటే దొరికింది, అది బిక్షమ్మ దగ్గరుంది.

అదీ ఈ మందలో పుట్టిందే. రెండేళ్ళ కింద మందను ఆలేరు పక్క చేలల్లో ఎరువుకోసం ఆపినప్పుడు తల్లి చచ్చిపోయిన పిల్ల ఒకటి మిగిలింది. బతకదని వదిలేయబోతే, చేలో కూలికి వచ్చిన బిక్షమ్మ నాకియ్యి గుర్వన్నా అని కొంగులో చుట్టుకుని తీసుకుపోయింది. సీసాతో పాలుపట్టి, తాను తినే జొన్నల్లోంచి తీసిపెట్టి ఇంత చేసింది. ఇప్పుడు దాన్ని అమ్మి రెండు పాడి మేకలు కొనుక్కోవాలని ఆమె ఆశ. మోకాళ్ళు అరిగిపోయాయి. పత్తి ఏరడానికి వంగలేకపోతోంది.

"పొద్దుగాల్నుంచి బిక్షమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాంది," అంది భాగ్యలక్ష్మి.  "పాట ఎందుకాగింది బిడ్డా, నా పొట్టేలుకు ఏమన్న వంక వెట్టిన్రా, ఇంకోపాలి వీడియో తియ్యాల్నా అని అడుగుతాంది. నేనేం జెప్పాలె?"



అత్తగారు గుర్వమ్మ అప్పటిదాకా బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఇక ఆమె వంతు వచ్చింది. ఏమీ చెప్పొద్దంది. సాయంత్రమయితే పాట అయిపోతుంది, పొట్టేలు మన దొడ్లోకి వస్తుంది, ఇంటి ముచ్చట ఇంట్లో ఉంటుంది, దీన్ని బజారుకెక్కిస్తే తల ఎత్తుకోలేకపోయేది నీ మొగుడే గదా అని మెల్లగా, బుజ్జగిస్తున్నట్టే అంది. బిక్షమ్మకేమైనా తక్కువైతే రెండు బస్తాల జొన్నలు పంపుదామంది. పిల్లను మనం ఊరికే ఇవ్వలేదా అని కూడా అంది.

ఈ చివరి మాటకు కోడలికి చురుక్కుమంది. ఊరికే ఇచ్చింది చావబోయే పిల్లను. దాన్ని పొట్టేలు చేసింది బిక్షమ్మ.

"అమ్మేది బిక్షమ్మ గాక మన కులపోళ్ళెవలన్నయితే గిట్లనే చేస్తుంటివా?" అని భర్తను అడిగింది. "చెయ్యవు. రేపు పెండ్లిలనో పండుగలనో మొఖం చూడాలె గదా. ఆమె ఏడికొస్తది మన పెండ్లిళ్ళకు?"

ఆ మాటతో పరమేష్ ఒంటికాలి మీద లేచాడు. కులం సంగతి ఎవరెత్తారన్నాడు, తన కడుపులో అలాంటిది లేదన్నాడు, ఆలేరు పోయినప్పుడల్లా ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగి వస్తానన్నాడు. అన్నీ నిజాలే. అన్నీ చెప్పాక కూడా ఆమె ప్రశ్న అక్కడే ఉంది. గుర్వమ్మ మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరసాగింది.

అప్పుడు గడపలోకి గుర్వయ్య వచ్చాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో పంచె పట్టుకుని నిలబడ్డాడు. చాలా రోజులకు ఆయన తనంత తాను లేచి రావడం. గుర్వమ్మ చేటను పక్కనపెట్టి లేవబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"పరమేషూ, గొంగడి ఎవల ముంగట పరుస్తరు?"

"పాడేటోళ్ళ ముంగట," అన్నాడు కొడుకు. చిన్నప్పుడు అంగడిలో చూశానన్నాడు. తమ మందలో పుట్టిన జీవం వేరేవాళ్ళ చేతుల్లోంచి వేలానికి వస్తే, మందవాడు గొంగడి పరిచి తలపాగా తీసి నిలబడతాడు. అది చూసి మిగతా పాటగాళ్ళంతా నోరు మూసుకుంటారు.

"నువ్వు పోరగానివి, ఎనక నిలవడి చూసినవ్. సగమే చూసినవ్," అన్నాడు గుర్వయ్య. "పరిసేది అమ్మేటోని ముంగట. అమ్మేటోడు వచ్చి దాని మీద కూసుంటెనే పాట ఆగుతది. కూసోకపోతే గొంగడి దులుపుకొని మనం గూడ పాడుడే. మా పెద్దనాయిన ఒకపాలి పొద్దంత ఎండల నిలవడ్డడు. అమ్మేటాయిన కూసోలే. ఒక్క మాట అనలే మా పెద్దనాయిన. నువ్వు కొనేటోని చెవుల చెప్పి, అమ్మేటామె ఎనక పరిసినవ్. గది గొంగడి కాదురా, దళారి తువ్వాల."

పరమేష్‌కు తల కొట్టేసినట్టయింది. తండ్రి కోసం చేసిన పని, తండ్రి పేరు చెప్పి చేసిన పని, తండ్రి నోటనే ఆ మాట పడేసరికి అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. దండెం మీది తువ్వాలు తీసుకుని దొడ్డివైపు వెళ్ళిపోయాడు.

భాగ్యలక్ష్మి మామగారికి పీట వేసింది. ఆ సమయంలో అడగొచ్చో లేదో ఆలోచించకుండా అడిగేసింది.

"మామా, బిక్షమ్మోళ్ళ కులపోళ్ళు ఎన్నడన్న మన గొంగడి మీద కూసున్నరా?"

గుర్వయ్య నేలకేసి చూస్తూ అన్నాడు.

"లేదు బిడ్డా. ఎవ్వలు కూసొమ్మనలే."

పాట ముగియడానికి ఇంకా పొద్దుంది. భాగ్యలక్ష్మి ఫోను తిప్పింది. గ్రూపులో అందరికీ వినబడేలా తన గొంతుతోనే చెప్పింది. తంగేడును మా ఇంటి నుంచి ఫోను చేసి ఆపారు, చేసింది నా భర్త, పేరు నా ఫోనులోంచే పోయింది, కాపాడుకోలేకపోయిన తప్పు నాది, బిక్షమ్మ పొట్టేలులో ఏ వంకా లేదు, పాట రేపటిదాకా పొడిగిస్తున్నాను, తంగేడు మళ్ళీ పాడొచ్చు, మోదుగ సంగతి సంఘం చెప్పినట్టు. 

ఆపైన అరగంట ఆ గ్రూపులో ఒక్కరూ ఏమీ రాయలేదు. అందరూ విన్నారని మాత్రం తెలుస్తోంది. తిట్టినా బాగుండునని అనిపించింది ఆమెకు.

పుష్ప ఫోను చేసింది. తిట్టలేదు. రేపు పొద్దున్నుంచి వేలం నేనే చూస్తానంది, చెట్ల పేర్లు మళ్ళీ కొత్తగా పెడతానంది, పేర్లన్నీ పంపి నీ దగ్గర తుడిచేయమంది. మోదుగ పాడకూడదని కూడా తేల్చింది. మూడేళ్ళు ఒక్క మాట పడకుండా నడిపిన పని అది. సరే అక్కా అని ఫోను పెట్టేసి భాగ్యలక్ష్మి పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గుర్వమ్మ చూసింది. ఏమీ అనకుండా వచ్చి పరమేష్ తినకుండా వదిలిన కంచం తీసేసింది.



తెల్లారేసరికి గుర్వయ్య స్నానం చేసి, చిలక్కొయ్యకు ఉన్న గొంగడి దించి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆలేరు బస్సెక్కించమన్నాడు. పాటలో మనకు చోటులేదని, ఇక పోయి లాభమేముందని కోడలు చెప్పబోతే, పాడటానికి కాదు, అడగటానికి అన్నాడు. ఆ మనిషిని ఒంటరిగా పంపలేక భాగ్యలక్ష్మి వెంట బయలుదేరింది. భువనగిరిలో బస్సు మారేటప్పుడు వెనక సీట్లో పరమేష్ కూర్చుని ఉండటం చూసింది. ఎప్పుడెక్కాడో. 

బిక్షమ్మ ఇల్లు రైలు పట్టాల అవతల, రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో చింతచెట్టుకు పొట్టేలు కట్టేసి ఉంది. నిన్న మళ్ళీ వీడియో తీయాలనుకుని కడిగి దువ్వినట్టున్నారు, ఉన్ని నిగనిగలాడుతోంది. గుర్వయ్య దాని వంక ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ ఒక్క చూపులోనే ఆయన ఎంత ఆశపడుతున్నాడో భాగ్యలక్ష్మికి అర్థమైంది.

బిక్షమ్మ గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడింది. రా అన్నా అంది, అంతే. కూర్చోమనలేదు. ఆమె కూతురు శ్రీదేవి ఫోను చేతిలో పట్టుకుని తల్లి పక్కకు వచ్చి నిలబడింది. ఆ పిల్ల చూపు సూటిగా పరమేష్ మీదే ఉంది.

గుర్వయ్య వాకిట్లో గొంగడి పరిచాడు. నాలుగు కొసలూ సరిచేశాడు. తలకున్న రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇదేంది తాతా?" అంది శ్రీదేవి. "మొన్న ఆయనేమో పాడేటోళ్ళకు ఫోన్ చేసిండు. ఇయ్యాల నువ్వు మా ఇంటికే ఒచ్చినవ్. పాట నడుస్తాంది. గిది గూడ గట్లాంటిదే కాదా?"

భాగ్యలక్ష్మికి ఆ పిల్ల మీద కోపం రాలేదు. దారి పొడుగునా తన మనసులో నలుగుతున్న మాటే ఆ పిల్ల అంది. ముసలాయన బోడితలతో ఎండలో నిలబడితే కాదనడం ఎవరికైనా కష్టమే. అడగడమూ ఒక బరువే, ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టే బరువు.

గుర్వయ్య తల ఊపాడు. నిజమే బిడ్డా అన్నాడు. అందుకే దాచి అడగనని, నీ చేతిలోని ఫోనులో ఇదంతా గ్రూపుకు చూపించమని అన్నాడు. పాడేవాళ్ళూ, సంఘమూ, షాద్‌నగర్ ఆయన కూడా చూడాలన్నాడు. శ్రీదేవి తల్లి వైపు చూసింది. బిక్షమ్మ కళ్ళతోనే సరేనంది. పిల్ల ఫోను ఎత్తి పట్టుకుంది.

"బిక్షమ్మా, నా కొడుకు చేసింది తప్పు," అన్నాడు గుర్వయ్య ఫోను వంక కాదు, ఆమె వంకే చూస్తూ. "పొట్టేలు నీది. నేనిచ్చింది సచ్చే పిల్లను. నా మందల పొట్టేలు లేదు, గందుకు అడుగుతున్న. పాటల పలికిన దాంట్ల పెద్ద ధర ఏదున్నదో గదే ఇస్త, ఒక్క రూపాయి తగ్గ. కూసుంటే కూసో. కూసోకపోతే గొంగడి దులుపుకొని పోత. నీ మీద నాకు కోపం ఉండదు."

పరమేష్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

బిక్షమ్మ నోరు విప్పింది. ఇది తనకు తెలియని మర్యాద కాదంది. చిన్నప్పుడు అంగడిలో దూరంగా నిలబడి చూశానంది. తన తండ్రి కూడా ఒకసారి, వేరేవాళ్ళ మందలో పుట్టిన కోడెను పెంచి అమ్మకానికి పెట్టాడంది.

"మా నాయిన ముంగట ఎవ్వలు పరవలే అన్నా," అంది.

గుర్వయ్య తల దించుకున్నాడు.

శ్రీదేవి చేతిలోని ఫోను మోగింది. పుష్ప కొత్త పాట పెట్టింది. దశరథానికి ఈసారి ఏ చెట్టు పేరు వచ్చిందో గానీ, ఆయన పేరు దాచుకోలేదు. పరవని గొంగడి చూపించి నన్ను ఆపారు, ఇక ఆగేది లేదు అని తన గొంతుతోనే చెప్పి ధర పలికాడు. నిన్నటి దాకా ఎవరూ పలకని ధర. ఇంకా పెంచుతానన్నాడు, ఎవరు ఎంతన్నా దాని మీద పాడతానన్నాడు. శ్రీదేవి ఆ మాటలు అందరికీ వినబడేలా రెండోసారి పెట్టింది.

ఆ ధరకు రెండు కాదు, నాలుగు మేకలు వస్తాయి. సాయంత్రానికి ఇంకెంత పెరుగుతుందో. ఇప్పుడు గొంగడి మీద కూర్చుంటే ఆ పెరిగేదంతా పోయినట్టే. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ ఆ లెక్క తెలుసు. ఈ ధరైనా తాను ఎక్కడి నుంచి తేగలడో గుర్వయ్యకు తెలియదు, అయినా రుమాలు తలకు చుట్టుకోలేదు. భాగ్యలక్ష్మికి ఏం కోరుకోవాలో అర్థం కాలేదు. బిక్షమ్మ కూర్చోవద్దని ఒకసారీ, కూర్చుంటే బాగుండునని ఒకసారీ మనసు కొట్టుకుంది.

బిక్షమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. మోకాలు పట్టేసినట్టుంది, తొడ మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది. పొట్టేలును చూసింది, గొంగడిని చూసింది, ఎండలో చెమటలు కారుతున్న ముసలాయన బోడితలను చూసింది. ఆమె ముఖంలో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు.

"శ్రీదేవీ, కింద కూసుంటే మళ్ళ లేవలేను. కుర్చీ తే," అంది.

శ్రీదేవి లోపలికి పోయి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చింది. గొంగడి అంచు దాకా వచ్చి ఆగింది.

"యాడ ఎయ్యాలె అమ్మా?"